గోడ ఆరేదాకా బ్రష్ పట్టనన్న పెయింటర్

నాలుగు రోజులు ఇంట్లో లేము. తిరిగొచ్చి తాళం తీస్తే తలుపు కదల్లేదు. అడుగున చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. భుజంతో నెట్టాక ముందు కనిపించింది అత్తయ్య గారి రబ్బరు చెప్పు. హాలు మధ్యలో తేలుతోంది. ఆ తర్వాత చప్పుడు వినిపించింది, లోపల వాష్‌బేసిన్ కింద నుంచి, సన్నగా, ఆగకుండా. బేసిన్‌కి నీళ్ళు తెచ్చే కనెక్షన్ పైపు చివర ప్లాస్టిక్ నట్టు చిట్లింది. బొటనవేలంత ముక్క. దానివల్ల హాల్లో, రెండు గదుల్లో రెండంగుళాల నీళ్ళు.

ఇల్లు మళ్ళీ మామూలు కావడానికి తొమ్మిది వారాలు పట్టింది. అందులో రెండు వారాలు నా తొందర వల్లే పోయాయి. లెక్కలు రాసే ఉద్యోగం కాబట్టి ఏం జరిగినా తేదీ వేసి రాసుకోవడం నాకు అలవాటు. ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదటి గంట

నేను చేసిన మొదటి పనే తప్పు. చూసిన కంగారులో నేరుగా నీళ్ళలోకి దిగేశాను. హాల్లో నేలకి జానెడు ఎత్తులో ప్లగ్ పాయింట్ ఉంది, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు నీళ్ళలో మునిగి ఉంది. "అడుగు వెయ్యకు!" అని మా ఆయన అరిచేసరికి నేను అప్పటికే నాలుగడుగులు వేసి ఉన్నాను. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ, ముందే ట్రిప్ అయి ఉంది కాబట్టి ఇది రాయడానికి మిగిలాను. ఇంట్లో అది లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఉన్నా అది పనిచేస్తోందో లేదో దానిమీదున్న టెస్ట్ బటన్ ఎన్నడూ నొక్కి చూడనివాళ్ళు ఇంకా ఎక్కువ.

కాబట్టి ముందు కరెంటు. మెయిన్ స్విచ్ పొడిచోట ఉండి, నీళ్ళలో నిలబడకుండా అందుకోగలిగితేనే ఆపండి. బోర్డు తడిసినా, అక్కడికి వెళ్ళడానికి నీళ్ళు దాటాల్సి వచ్చినా బయటే ఉండి, కరెంటు సరఫరా చేసేవాళ్ళకి ఫోన్ చేసి బయటినుంచే ఆపించండి. అరగంట ఆలస్యమైతే సోఫా ఇంకాస్త తడుస్తుంది, అంతే.

తర్వాత నీళ్ళు. హ్యాండిల్ ఉన్న వాల్వు అయితే హ్యాండిల్ పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. మాది చక్రం తిప్పే పాత వాల్వు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయింది. దాన్ని బలవంతంగా తిప్పితే విరిగి రెండో వరద వచ్చేది. పైకెళ్ళి ట్యాంకు దగ్గర కట్టేశాం. ఇంట్లో ఎవరెవరికి మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలుసో ఈ రాత్రే అడిగి చూడండి. మా ఇంట్లో అత్తయ్య గారికి ఒక్కరికే తెలుసు.

మూడోది ఫొటోలు. తుడవడం మొదలుపెట్టకముందే తియ్యాలి. నీళ్ళు ఎంత ఎత్తున్నాయో తెలిసేలా గోడకి స్కేలు ఆనించి తియ్యండి. ప్రతి గదీ ఒక మూలనుంచి వీడియో తియ్యండి. చిట్లిన నట్టుని ఒక కవర్లో వేసి దాచాను. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే సామాన్లు పారేయకముందే వాళ్ళకి చెప్పాలి. చాలా పాలసీల్లో ఒక్కసారిగా పైపు పగలడం ఒక లెక్క, నెలల తరబడి కారడం ఇంకో లెక్క, ఆ రెండోదానికి చాలావరకు డబ్బు రాదు. ఎలా పగిలిందో చూపించడానికి ఆ నట్టే సాక్ష్యం. కింద అంతస్తులో వేరేవాళ్ళు ఉంటే వాళ్ళకీ వెంటనే చెప్పండి. వాళ్ళ ఫాల్స్ సీలింగ్ పొట్టలా ఉబ్బి ఉంటే దానికింద ఎవరూ నిలబడకూడదు.

ఏ నీళ్ళో చూసుకోవాలి

మా ఇంట్లోకి వచ్చింది కుళాయి నీరు. అది నయం. వాషింగ్ మెషిన్ వదిలిన నీళ్ళయితే మురికి నీళ్ళ కిందే లెక్క. డ్రైనేజీ వెనక్కి తన్నినా, బయటి వరద లోపలికి వచ్చినా అది రోగాల నీరు. అందులో తడిసిన పరుపులు, దిండ్లు, కార్పెట్లు ఎంత ఖరీదైనవైనా పారేయడమే. గ్లవ్స్, బూట్లు లేకుండా ముట్టుకోకూడదు. మంచినీళ్ళు కూడా రెండు రోజులు నిలవుంటే మంచినీళ్ళుగా మిగలవు. తడి తగిలిన 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మేము నాలుగు రోజులు లేము కదా, బీరువా వెనక అప్పటికే నల్లటి చుక్కలు కనిపించాయి.

నీళ్ళు ఎత్తిపోయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వైపర్, చాట, బకెట్, ముగ్గురు మనుషులు, ఒక సాయంత్రం. సామాను సంగతే చెప్పాలి. అసలు చెక్క తట్టుకుంటుంది, మెల్లగా ఆరనిస్తే చాలు. మంచి రకం ప్లైవుడ్ చాలావరకు నిలబడుతుంది. పార్టికల్ బోర్డు మాత్రం తడిసిన బిస్కెట్టే. ఉబ్బాక ఆరినా మళ్ళీ మామూలు మందానికి రాదు, స్క్రూ పట్టదు. మా పిల్లవాడి బల్ల అదే. రెండు రోజులు ఎండలో పెట్టి నన్ను నేను మోసం చేసుకున్నాను తప్ప, దాని పని మొదటిరోజే అయిపోయింది.

అత్తయ్య గారి ఆల్బమ్ కింది సొరుగులో ఉంది. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నేను లాగబోతుంటే ఆవిడే ఆపారు. "పీకకమ్మా, నీళ్ళలో వెయ్యి. తడిసి అంటుకున్నది తడిలోనే విడుతుంది." శుభ్రమైన చల్లటి నీళ్ళు పళ్ళెంలో పోసి, అందులో వేసి, వాటంతటవే విడేదాకా కూర్చున్నాం. విడినవాటిని బొమ్మవైపు పైకి పెట్టి నీడలో ఆరబెట్టాం. అన్నీ ఒక్కరోజులో చేయలేకపోతే, మిగిలినవాటినీ తడిసిన పుస్తకాలనూ కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచొచ్చు. గడ్డకట్టి ఉన్నంతసేపూ బూజు పట్టదు, తీరిక దొరికినప్పుడు కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. అరవై దాకా ఫొటోల్లో పదకొండు పోయాయి.

నేల ఆరింది, గోడ ఆరలేదు

మూడోరోజుకి టైల్స్ మీద చెప్పులేసుకుని నడవగలిగాం. ఇల్లు ఆరిపోయిందనుకున్నాను. ఇక్కడే అందరమూ బోల్తా పడతాం. నేల మీద నీళ్ళు పోయాయి గానీ గోడ కింది భాగం వాటిని దీపం వత్తిలా పైకి లాక్కుంది. చెయ్యి పెడితే మోకాలి ఎత్తువరకు చల్లగా ఉంది. ఇటుక, సిమెంటు పూత, దానిమీద లప్పం, దానిమీద రంగు. పైనున్న రంగు ప్లాస్టిక్ కాగితంలా తడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇలాంటి గోడ ఆరడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది.

ఆరడానికి పనికొచ్చినవి ఇవి. సీలింగ్ ఫ్యాన్ గోడ అడుగుకి పెద్దగా చేసేదేమీ లేదు. టేబుల్ ఫ్యాన్‌ని నేలమీద పెట్టి, గాలి గోడ వెంట పాకేలా ఏటవాలుగా తిప్పాలి, ఎదురుగా కాదు. సామానంతా గోడకి జానెడు ఎడంగా జరపాలి. బీరువాల అడుగుపలకలు ఊడదీయాలి. గోడ అడుగున చెక్క పట్టీ (స్కర్టింగ్) ఉంటే అదీ తీసేయాలి, దాని వెనక తడి నెలల తరబడి ఉంటుంది. ఉబ్బిన రంగుని గీకేస్తే గోడకి ఊపిరాడుతుంది. కిటికీలు తెరవాలా ముయ్యాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. బయట గాలి పొడిగా ఉంటే తెరవండి. బయటే ముసురు పట్టి తేమగా ఉంటే మూసేసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి, లేదా గాల్లోని తేమని లాగేసే డీహ్యూమిడిఫైయర్ అద్దెకి తెచ్చుకోండి. మేము తెచ్చుకున్నాం. మొదటిరోజు దాని తొట్టి ఐదుసార్లు పారబోశాను. పన్నెండో రోజుకి ఒక్కసారే. ఇంట్లో గాలి తేమ 50 శాతం దగ్గర్లో ఉంచగలిగితే మంచిది, 60 దాటనివ్వకూడదు. తొందరపడి గోడకి హీటర్ మాత్రం పెట్టకండి. పూత పగుళ్ళిస్తుంది, చెక్క వంకర తిరుగుతుంది.

రెండు సూదులుండే తేమ మీటరు ఒకటి కొన్నాను. అది చెక్క కోసం చేసింది. సిమెంటు గోడ మీద అది చూపించే అంకెని శాతంగా నమ్మకూడదు. పోల్చుకోవడానికే వాడాలి. తడవని పడకగది గోడ మీద నాకు 8 చూపించింది, అదే నా కొలమానం. తడిసిన చోట్ల పెన్సిలుతో చుక్కలు పెట్టి, మూడు రోజులకోసారి అదే చుక్క దగ్గర గుచ్చి రాసుకున్నాను. హాలు గోడ: 31, 27, 23, 19. బాత్రూమ్ పక్క గోడ: 34, 33, 34, 34. ఈ రెండో వరసని నేను రాశాను గానీ చదవలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మనుషులను ఎంచుకోవడం

ముందుగా దొరికినతను అన్నీ తనే చూసుకుంటానన్నాడు. ప్లంబింగ్, కరెంటు, పూత, రంగు, చెక్కపని, అన్నిటికీ అతని దగ్గర మనుషులున్నారట. ఆ టెన్షన్‌లో ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. ఇంట్లోకి రాకుండా గుమ్మంలోంచే మొత్తం ఎంతవుతుందో చెప్పేశాడు. పదోరోజుకే లప్పం పెట్టించేశాడు. "పైన డ్యాంప్‌ప్రూఫ్ కోటు కొడతాం మేడమ్, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. పద్నాలుగో రోజు పొద్దున లేచేసరికి హాల్లో నేలంతా తెల్లటి పెచ్చులు. ఫోన్ చేస్తే, మీ గోడలోనే లోపం ఉందన్నాడు.

ఆ దెబ్బతో ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషిని వెతుక్కున్నాను. ఏ మనిషికైనా నేను చూసేది ఒక్కటే. "ఇది నా పని కాదు" అని గానీ, "ఇప్పుడు కాదు" అని గానీ ఎక్కడైనా అంటాడా? కూలి వచ్చే పనిని వద్దనగలిగేవాడికి తన పని తెలుసు. ఫోన్లోనే రేటు చెప్పేసేవాడికన్నా, "నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి, ఎన్ని రోజులైంది, గోడ ఇటుకదా బోర్డుదా" అని ఎదురు ప్రశ్నలు వేసేవాడు నయం. ఎవరి దగ్గర పనిచేశాడో రెండు ఇళ్ళు చెప్పమనండి, అయితే పోయిన నెల చేసినవి కాదు, ఏడాది కిందటివి. రంగు వేసిన వారానికి ప్రతి గోడా బాగానే ఉంటుంది. ఆ ఇంటివాళ్ళని "పని బాగుందా?" అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. "తర్వాత ఏదైనా తేడా వచ్చి పిలిస్తే వచ్చారా?" అని అడగండి, అసలు కథ బయటికొస్తుంది. ఊరంతా మునిగినప్పుడు తలుపు కొట్టి మరీ పని అడిగి, ముందే మొత్తం డబ్బు ఇమ్మనేవాళ్ళని అటునుంచటే పంపెయ్యండి.

పిలవాల్సిన వరస ముఖ్యం. ముందు ప్లంబర్, ఎందుకంటే కారేది ఆగకుండా మిగతావాళ్ళెవరొచ్చినా దండగ. తర్వాత ఎలక్ట్రీషియన్. ఆ తర్వాత ఎవరూ లేరు, ఫ్యాన్లే. గోడ ఆరాక మేస్త్రి, తర్వాత కార్పెంటర్, చివర్న పెయింటర్. అయితే పెయింటర్ని చివర్న పని చేయించుకోవడానికి పిలిచినా, చూసి వెళ్ళమని ముందే ఒకసారి పిలవండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

పెద్దాయన గోడ గీకి చూపించడం

ఇరవై నాలుగో రోజు మా ఆయన స్నేహితుడి ద్వారా ఒక పెయింటర్ వచ్చారు. వయసులో పెద్దాయన. డబ్బాలేమీ తేలేదు, జేబులో ఒక పాత లప్పం పట్టీ ఉంది. హాలు గోడని అరచేత్తో కాకుండా చేతి వెనకభాగంతో తడిమారు. తర్వాత నేలకి మూరెడు ఎత్తులో పట్టీతో గీకారు. వచ్చినదాన్ని వేళ్ళమధ్య నలిపి నాకు చూపించారు.

"చూశారా అమ్మా, ఆరిన లప్పం పొడిలా రాలుతుంది. ఇది ముద్దలా వస్తోంది. ఇప్పుడు వేస్తే నాకు రెండుసార్లు కూలి, మీకు రెండుసార్లు ఖర్చు. నేను వెయ్యను."

ఆయన అంతటితో వెళ్ళిపోయినా నాకు ఉపకారమే అయ్యేది. కానీ బాత్రూమ్ పక్క గోడ దగ్గర ఆగారు. అక్కడ ఛాతీ ఎత్తులో పళ్ళెమంత మచ్చ. ఆ గోడకి అంతకుముందు రెండేళ్ళలో రెండుసార్లు రంగు వేయించాను, రెండుసార్లూ పొంగింది. "హాల్లో తడి చూడండి, గీత గీసినట్టు మోకాలి ఎత్తులో ఆగింది. అది నేల నీళ్ళు పైకి పాకిన తడి. ఇది గుండ్రంగా ఉంది, ఇంత ఎత్తులో ఉంది. ఇది వేరే నీళ్ళమ్మా. మంచి ప్లంబర్ని పిలవండి, తర్వాతే నన్ను పిలవండి."

అప్పుడు నోట్‌బుక్ తీశాను. 34, 33, 34, 34. ఇల్లంతా ఆరుతుంటే ఆ చుక్క ఒక్కటే కదలకుండా కూర్చుంది.

దాక్కున్న లీకేజీని పట్టుకోవడం

ప్లంబర్ని పిలవకముందు మీ అంతట మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. నీళ్ళ మీటరు ఉంటే, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకుల కింది వాల్వులు కూడా మూసి, అంకె రాసుకుని రెండు గంటలాగి చూడండి. కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. మీటరు లేకపోతే, ట్యాంకులోకి వచ్చే నీళ్ళు ఆపి, లోపల నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి పొద్దున చూడండి. మా ట్యాంకులో రాత్రికి మట్టం కాస్త తగ్గింది.

ఇంకో తేడా కూడా చూడాలి. నీళ్ళు తెచ్చే పైపు కారితే మచ్చ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నీళ్ళు పోయే పైపో, బాత్రూమ్ నేలో కారితే స్నానాలయ్యాక తడి పెరిగి, వాడని రోజుల్లో తగ్గుతుంది. నేలమీద అనుమానం ఉంటే నీళ్ళు పోయే రంధ్రాన్ని గట్టిగా మూసి, అంగుళం నీళ్ళు నింపి, మట్టం గుర్తు పెట్టి ఒక రోజంతా ఉంచి, పక్క గదీ కింది సీలింగూ చూడాలి. మేము మూడు రోజులు ఆ బాత్రూమ్ వాడలేదు. మచ్చ తగ్గలేదు. అంటే నేల కాదు, పైపే.

మొదట వచ్చిన ప్లంబర్ చూసీ చూడగానే బాత్రూమ్ మొత్తం పగలగొట్టి కొత్త లైన్ వేయాలన్నాడు. రెండో ఆయన సుత్తి బయటికి తియ్యలేదు. గేజ్ ఉన్న చిన్న చేతిపంపు తెచ్చారు. చన్నీళ్ళ లైన్‌ని విడిగా కట్టేసి, షవర్ ఊడదీసి అక్కడ పంపు బిగించి, ముల్లు 6 దగ్గరికి వచ్చేదాకా కొట్టారు. "కూర్చోండమ్మా, ఇప్పుడు చూడ్డమే పని" అన్నారు. తిరగేసిన బకెట్ల మీద అరగంట కూర్చుని ఇద్దరం ఆ ముల్లునే చూశాం. కదల్లేదు. తర్వాత గీజర్ నుంచి వచ్చే వేణ్ణీళ్ళ లైన్‌కి పెట్టారు. పది నిమిషాల్లో 6 నుంచి 5కి, మరో పది నిమిషాల్లో 4కి దిగింది. నాకు కడుపులో ఏదో జారినట్టయింది గానీ ఆయన మొహం వెలిగింది. మచ్చకి ఎదురుగా లోపలివైపు రెండే టైల్స్ తీశారు. పైపు మలుపు తిరిగే ఎల్బో జాయింట్ దగ్గర ఒక్కో బొట్టే ఊరుతోంది. ఆ బొట్టే మా ఇంట్లో రెండుసార్లు రంగు తినేసింది.

కొత్త జాయింట్ అతికించాక ఆయన వెంటనే నీళ్ళు వదల్లేదు. పైపులు అతికించే సాల్వెంట్ డబ్బా మీద రాసినంతసేపు గట్టిపడాలి, ఇంకాస్త ఎక్కువే ఆగుదాం అని మర్నాటిదాకా ఉంచి, మళ్ళీ గేజ్ పెట్టి చూపించి, అప్పుడు టైల్స్ మూయమన్నారు. మూయకముందు పైపుల దారి కనబడేలా పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోమన్నదీ ఆయనే. రేపు ఎవరైనా ఆ గోడకి మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటో పనికొస్తుంది.

కరెంటు, బూజు

ఎలక్ట్రీషియన్ పని త్వరగానే అయింది, కానీ వదిలేసేది కాదు. తడిసిన ప్లగ్ పాయింట్లు విప్పి, నీళ్ళు తగిలిన సాకెట్లు మార్చారు. బోర్డులో లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు, ఎంసీబీలు, తడిస్తే వాటిని ఆరబెట్టి మళ్ళీ వాడకూడదు, కొత్తవే వేయాలి. తర్వాత ప్లగ్గులన్నీ పీకించి, వైర్ల ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో ఒక్కో లైన్‌కి 500 వోల్టుల పరీక్ష చేసి, ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వచ్చిన లైన్‌ని ఆపేశారు. వారం తర్వాత మళ్ళీ వచ్చి చూసి కలిపారు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి మోటారు వస్తువులు తడిస్తే, పైకి ఆరినట్టున్నా మెకానిక్ చూడకుండా ఆన్ చేయకండి.

బూజు ఒక చదరపు మీటరుకి లోపలైతే మీరే శుభ్రం చేసుకోవచ్చు. ఎన్95 మాస్కు, గ్లవ్స్, సబ్బునీళ్ళు, గరుకు బ్రష్ చాలు. పొడిచీపురుతో దులపకండి, గాల్లోకి లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. బ్లీచ్ వాడేవాళ్ళు దాన్ని టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తోనో, అమోనియా ఉన్న ద్రావకంతోనో కలపకూడదు. విషవాయువు పుడుతుంది. అంతకన్నా ఎక్కువ మేర పాకినా, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళున్నా ఆ పని తెలిసినవాళ్ళకి వదిలెయ్యండి. ఆరేటప్పుడు గోడమీద తెల్లటి పొడిలాంటిది పూస్తే అది బూజు కాదు, గోడలోని ఉప్పు. దాన్ని నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికి ఇంకుతుంది, పొడిబ్రష్‌తో దులిపెయ్యాలి.

కాగితం మీద

మొదటిసారి నోటిమాట మీద వెళ్ళి నష్టపోయాను కాబట్టి, తర్వాత ప్రతి ఒక్కరితోనూ ఒక పేజీ రాయించాను. పెద్ద భాష అక్కర్లేదు. ఏ పని, ఏ సామాను ఎవరు తేవాలి, ఎన్ని రోజులు, చెత్త ఎవరు తీసుకెళ్ళాలి, పని మధ్యలో కొత్త లోపం బయటపడితే ముందు నాకు చెప్పి ఖర్చు ఒప్పుకున్నాకే చేయాలి. ఈ చివరి మాట లేకపోతే బిల్లు ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలుసు. డబ్బు మూడు విడతలు: సామానుకి కొంత, పని సగమయ్యాక కొంత, పరీక్షలో నిలబడ్డాక మిగిలింది. "అయిపోయాక" అని రాయకండి. ప్లంబర్‌కయితే "గేజ్ ముల్లు అరగంట కదలకుండా ఉన్నాక", పెయింటర్‌కయితే "రంగు వేసిన పదిహేను రోజులకి" అని రాయండి. అలా అడిగితే మంచి పనివాళ్ళు నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. పెద్దాయన చదివి, "పదిహేను కాదమ్మా, నెల అని రాయండి, పదిహేను రోజులకి తెలియదు" అని తనే దిద్దారు.

ప్లంబర్ పని అయ్యాక గోడ ఆరడం మళ్ళీ మొదటినుంచి లెక్క. బాత్రూమ్ పక్క గోడ అప్పుడు దిగడం మొదలుపెట్టింది: 34, 29, 24, 20, 15. మేస్త్రి వచ్చి వదులైన పూతని కొట్టి చూశారు. డొల్ల చప్పుడు వచ్చినచోటల్లా ఇటుకదాకా తీసేశారు. ఆరనివ్వండని ఆయన కూడా చెప్పి వెళ్ళి, పది రోజులాగి కొత్త పూత వేశారు. కొత్త పూత కూడా తడే. దాన్నీ ఆరనివ్వాలి.

మీటరు లేనివాళ్ళకి పాలిథిన్ పరీక్ష చాలు. మూరెడు చదరం పారదర్శకమైన షీటుని గోడకో నేలకో నాలుగువైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు చెమ్మ పడితే తడి గోడలోంచి వస్తోంది. షీటు బయటివైపు పడితే అది గదిలోని గాలి తేమ. పెద్దాయన మా ఇంట్లో అదీ చేయించారు, నా మీటరు మీద ఆయనకి పెద్ద గురి లేదు.

యాభై ఎనిమిదో రోజు ఆయన మళ్ళీ వచ్చి గీకారు. గోడ మీంచి పొడి రాలి ఆయన చెప్పుల మీద పడింది. ఏమీ అనకుండా పట్టీ జేబులో పెట్టుకుని ప్రైమర్ డబ్బా మూత తీశారు.

కాగితంలో రాసుకున్నట్టే, రంగు వేసిన నెలకి ఆ మచ్చ ఉన్నచోట మీటరు గుచ్చాను. కొత్త రంగు మీద రెండు సూది గుర్తులు పడ్డాయని పెద్దాయన కాస్త కోప్పడ్డారు. 9 చూపించింది. మిగిలిన డబ్బు అప్పుడే ఇచ్చేశాను.